నడుముకి పైన

నాట్యం నేర్చుకునే ఆడపిల్ల మొదటి మూడేళ్ళలో ఎక్కువసార్లు వినే మాటలు రెండు. ఒకటి "ఇంకా కిందికి కూర్చో". రెండోది "నవ్వు". మొదటిది కాళ్ళకి, రెండోది ముఖానికి. ఈ రెంటికీ మధ్య ఉన్న నడుము, వీపు, ఛాతీ, భుజాలు, మెడ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అరమండి సరిగా కూర్చుని, అడుగు తాళంలో పడి, పెదాల మీద నవ్వు అతికించుకుంటే పిల్ల బాగా చేస్తోందని అంటాం. అయిదారేళ్ళు గడిచాక ఏదో ఒక సభలో ఒక పెద్దమనిషి "కాళ్ళు బాగున్నాయమ్మా, భావమే లేదు" అని తీర్పు చెప్పి వెళ్ళిపోతాడు. ఆ మాట పిల్లకి శాపంలా మిగిలిపోతుంది. భావం ఉండటం పుట్టుకతో వచ్చే అదృష్టమనీ, లేకపోవడం తన లోపమనీ నమ్మేస్తుంది.

నేను పలివెలలో, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకి పద్దెనిమిదేళ్ళుగా కూచిపూడి చెబుతున్నాను. ఇన్నేళ్ళూ నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. నడుముకి పైన ఉన్న శరీరం మాట్లాడటం అనేది అభ్యాసంతో వచ్చేదా? వచ్చేదైతే ఏం అభ్యాసం చేయాలి? అసలు ఆడపిల్ల ఒళ్ళు మాట్లాడాలని మనం నిజంగా కోరుకుంటున్నామా, లేక మనకి నచ్చిన నాలుగు మాటలు అప్పజెబితే చాలనుకుంటున్నామా? మొదటి రెండూ కళకి సంబంధించిన ప్రశ్నల్లా కనిపిస్తాయి. మూడోది నీతికి సంబంధించింది. నా అనుభవంలో మూడోదానికి జవాబు చెప్పకుండా మొదటి రెంటికీ జవాబు దొరకదు.

ఈ ఇబ్బంది మనకొక్కరికే లేదు. కొన్నేళ్ళ కిందట అమెరికాలో మా అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆవిడ మనవరాలి బాలే క్లాసుకి నేనూ వెళ్ళి ఓ మూల కుర్చీలో కూర్చునేదాన్ని. గోడ పొడుగునా నడుమెత్తున ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని బార్ అంటారు. పిల్లలు ఒక చెయ్యి దాని మీద ఆనించి మోకాళ్ళు వంచడంతో, అంటే ప్లియేతో మొదలుపెడతారు. ఆ తర్వాత పాదం చాపడం, కాలెత్తడం, గిరగిరా తిప్పడం. చాలాసేపు అదే వరస. అదంతా అయ్యాకే కడ్డీ వదిలి గది మధ్యలోకి వస్తారు. చూస్తుంటే మన అడుగుల సాధనే గుర్తొచ్చింది. అక్కడా కళ్ళన్నీ పాదాల మీదే. కడ్డీని పట్టుకున్న వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, భుజాలు చెవుల దాకా లేచిపోతాయి. ఖాళీగా ఉన్న రెండో చెయ్యి ఎండిన కొబ్బరిమట్టలా పక్కన వేలాడుతూ ఉంటుంది.

అయితే ఆ టీచరు ఒక పని చేసేది. ప్రతి ప్లియేకి ముందు పిల్లల్ని ఆపి, ఊపిరి పీల్చుకోమనేది. ఆ ఊపిరితో చెయ్యి కొద్దిగా తెరుచుకోవాలి, ఆ చేతి వెంట చూపు వెళ్ళాలి, చూపుతో పాటు తల ఒరగాలి. అప్పుడే మోకాలు వంగాలి. చేతుల నడకని వాళ్ళు పోర్ ద బ్రా అంటారు. భుజాన్ని కొద్దిగా మలిపి, మెడ వంపుతో శరీరానికి ఒక ఉద్దేశం తేవడాన్ని ఎపోల్‌మాన్ అంటారు. ఇవి గది మధ్యలోకి వచ్చాక పైపూతలా పూసుకునేవి కావనీ, కడ్డీ దగ్గరే మొదలవ్వాలనీ ఆవిడ పట్టుదల. ఈ పట్టుదలకి రష్యాలో పెద్ద చరిత్రే ఉంది. అగ్రిప్పీనా వగనోవా 1934లో తన బోధనా పద్ధతిని పుస్తకంగా రాసింది. కాళ్ళతో పాటు వీపూ చేతులూ తలా ఒకటిగా కదలాలన్నది ఆ పద్ధతికి ప్రాణం. ఆవిడ స్వయంగా నర్తకి. నర్తకిగా తను పడ్డ కష్టం నుంచి తన పద్ధతిని తయారుచేసుకున్న మనిషి.

చెయ్యి ఎక్కడికి వెళ్తే చూపు అక్కడికి వెళ్ళాలి, చూపు వెంట మనసు వెళ్ళాలి అన్న సూత్రం మన పిల్లలకి కొత్త కాదు. నందికేశ్వరుడి అభినయ దర్పణంలో ఉంది, ప్రతి క్లాసులోనూ శ్లోకంగా వల్లె వేయిస్తాం. ఆ గ్రంథం తలకి తొమ్మిది కదలికలు, కళ్ళకి ఎనిమిది, మెడకి నాలుగు చెబుతుంది. నాట్యశాస్త్రం ఇంకా దూరం వెళ్ళి తలకి పదమూడు, చూపులకి ముప్ఫయ్యారు భేదాలు లెక్కపెట్టింది. అభినయ దర్పణాన్ని 1917లో ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్ళలో ఆనంద కుమారస్వామితో పాటు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కూడా ఉన్నాడు. చీరాల పేరాల ఉద్యమం నడిపిన ఆ దుగ్గిరాలే. పన్ను కట్టం పొమ్మని ఊరు ఊరంతా ఇళ్ళు వదిలేలా చేసిన మనిషికి కంటి కదలికల మీద ఇంత శ్రద్ధ ఉందని తెలిసినప్పుడు నాకు సంతోషం వేసింది.

అంటే నడుముకి పైన ఏం చేయాలో చెప్పే శాస్త్రం మనకి తక్కువేమీ కాదు. మరి మన పిల్లల భుజాలెందుకు మాట్లాడవు?

శాస్త్రం శరీరాన్ని ఖాళీ పలకలా చూస్తుంది. క్లాసుకి వచ్చే పిల్ల ఖాళీ పలక కాదు. పన్నెండేళ్ళ పిల్ల నా దగ్గరికి వచ్చేసరికే ఆమె భుజాలకి ఒక చదువు అయిపోయి ఉంటుంది. ఛాతీ కనపడకుండా ముందుకి ముడుచుకోవడం, చున్నీ జారిందేమోనని నిమిషానికోసారి చెయ్యి పైకి వెళ్ళడం, సైకిల్ మీద వెళ్తున్నప్పుడు ఎదురుగా వచ్చే మగవాడి మీద చూపు పడకుండా రోడ్డు మీదే ఉంచుకోవడం, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మెడ వంచడం, పుస్తకాల సంచీని గుండెకి అడ్డంగా పెట్టుకోవడం. ఇవన్నీ ఏ గురువూ కర్ర పట్టుకుని చెప్పకుండానే, రోజూ ఇరవైనాలుగ్గంటలూ సాధన చేసిన అడుగులు. గల్లీలో, బస్సులో, వంటింట్లో నేర్చుకున్నవి. నేను వారానికి మూడు గంటలు "భుజాలు వెనక్కి, గుండె పైకి" అంటే ఆ చదువు చెరిగిపోతుందా? పైగా క్లాసయిపోగానే అదే గుండెని మళ్ళీ చున్నీ కిందికి ముడుచుకుని ఇంటికి వెళ్ళాలి.

ఈ పిల్లకే "నవ్వు" అని చెబుతాం. ఆడపిల్ల ముఖంలో ఏ భావం వచ్చినా మనకి భయం, ఒక్క నవ్వు తప్ప. నవ్వు ఎదుటివాణ్ణి ఇబ్బంది పెట్టదు. నన్ను చూడు, నాకు నొప్పిగా లేదు, నా మోకాళ్ళు వణకట్లేదు అంటుంది. పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్ల నుంచి కౌంటర్ వెనక నిలబడ్డ సేల్స్ గర్ల్ దాకా అందరినీ అడిగేది ఈ నవ్వే. అడుగుల సాధనలో పొద్దస్తమానం ఈ నవ్వుని అతికిస్తూ పోతే ముఖం కదలడం మర్చిపోతుంది. అప్పుడు కోపం పట్టమంటే పట్టలేదు, వెటకారం పట్టమంటే పట్టలేదు. భావం లేదని ఆ పెద్దమనిషి అన్నది నిజమే కావచ్చు. దాన్ని తీసేసింది మాత్రం ఆ పిల్ల కాదు.

నడుముకి పైన ఉన్న శరీరంతో నిర్భయంగా మాట్లాడిన స్త్రీలు మన గోదావరి గట్ల మీద ఒకప్పుడు ఉన్నారు. కలావంతులు. ముమ్మిడివరం, మురమండ, బల్లిపాడు, పెద్దాపురం ఊళ్ళ పేర్లు నాట్య చరిత్రలో నిలబడింది వాళ్ళ వల్లనే. వాళ్ళు గుళ్ళో ఆడారు, జమీందారుల ఇళ్ళలో మేజువాణీల్లో ఆడారు, భామాకలాపం ఆడారు. అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది వాళ్ళు కూర్చుని చేసిన అభినయం. కాళ్ళు మడుచుకుని కూర్చుని, తామే పాడుతూ, ఒక పదంలోని ఒకే ఒక్క మాటని పదిరకాలుగా విప్పేవారు. అడుగు లేదు, గజ్జె చప్పుడు లేదు. నడుముకి పైన ఉన్నదే రంగస్థలం.

కాళ్ళతో మొదలుపెట్టి ముఖం దాకా ఎప్పటికో చేరే మన ఇప్పటి సాధనకి ఇది పూర్తిగా తిరగేసిన దారి. ఈ సంప్రదాయం తెలిసిన ఒక పెద్దావిడ దగ్గర కొన్ని నెలలు కూర్చుని నేర్చుకునే అదృష్టం నాకు కలిగింది. ఆవిడిప్పుడు లేరు. తన పేరు ఎక్కడా రాయొద్దని అప్పుడే మాట తీసుకున్నారు. "రమ్మను" అని మొదటిరోజు ఒక్క మాట ఇచ్చారు. నేను వెంటనే చెయ్యి చాపాను. "చెయ్యి ఎందుకే అమ్మడూ, ఇంకా అతను గుమ్మంలోకే రాలేదు" అన్నారు. ముందు ఊపిరి, తర్వాత కన్ను, ఆ తర్వాత మెడ, ఇవి సరిపోనప్పుడే చెయ్యి. రెండు వారాలు చేతులు ఒళ్ళో పెట్టించే కూర్చోబెట్టారు. రాడని తెలిసి రమ్మనడం, రావద్దనుకుంటూ రమ్మనడం, బాకీ ఉన్నవాణ్ణి రమ్మనడం, నలుగురిలో ఎవరికీ తెలియకుండా ఒక్కడికే తెలిసేలా రమ్మనడం. ఒక్కోదానికీ భుజం వేరుగా ఉంటుంది. అది ఆవిడ ఒంట్లో ఎంత నిక్కచ్చిగా ఉండేదంటే, ఒక వేలెడు ఎక్కువైనా "అది బజారు పిలుపు, మనది కాదు" అని ఆపేసేవారు. భావం పుట్టుకతో వస్తుందనే మాట అబద్ధమని నాకు రుజువు చేసింది ఆ రెండు వారాలే. అది సాధనే. అడుగుల కంటే కఠినమైన సాధన. తేడా ఏమిటంటే, ఆ సాధనలో ప్రతిసారీ "ఎవరితో చెబుతున్నావు, ఎందుకు చెబుతున్నావు" అన్న ప్రశ్న ఉంది. మన అడుగుల్లో ఆ ప్రశ్న లేదు.

ఆవిడ పేరు రాయొద్దని ఎందుకన్నారో ఈ పత్రిక చదివేవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ కులం పేరు మన జిల్లాల్లో ఇప్పటికీ తిట్టుగా చెలామణీ అవుతోంది. రాజమండ్రి కేంద్రంగా వీరేశలింగం పంతులుగారు భోగం మేళాల మీద ఉద్యమం నడిపారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. 1956లో ఆంధ్రలో చేసిన సవరణతో పెళ్ళిళ్ళలోనూ ఇళ్ళ వేడుకల్లోనూ వాళ్ళు ఆడటం కూడా నేరమైంది. దేవేశ్ సోనేజీ 2012లో ప్రచురించిన 'అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్' పుస్తకంలో గోదావరి ప్రాంతపు వృద్ధ కలావంతుల గురించి రాశాడు. బయట ఆడటం ఆగిపోయాక కూడా వాళ్ళు నాలుగు గోడల మధ్య, తమకి తాము, ఆ పదాల్ని అభినయించుకుంటూ ఉండేవారు. చూసేవాళ్ళు లేని అభినయం. చట్టం వేదికని తీసేయగలిగింది గాని భుజాల్లో ఉన్నదాన్ని తీసేయలేకపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ జీవితం గొప్పదని నేను అనడం లేదు. తన ఇష్టంతో సంబంధం లేకుండా ఒక పిల్లని చిన్నప్పుడే ఒక వృత్తికి కట్టేయడం, భూమీ బంగారమూ ఉన్న మగవాళ్ళ దయ మీద బతకడం స్వేచ్ఛ కాదు. నిషేధం కావాలని అడిగినవాళ్ళలో ఆ ఇళ్ళలోంచి వచ్చిన స్త్రీలే ఉన్నారు. మన యామినీ పూర్ణతిలకం అలాగే వచ్చింది. చట్టం కోసం పోరాడిన ముత్తులక్ష్మీ రెడ్డి తల్లిదీ ఆ సమాజమే. దళిత ఆడపిల్లల్ని జోగినులుగా మార్చే దురాచారం మీద మళ్ళీ 1988లో చట్టం చేయాల్సి వచ్చిందని మర్చిపోకూడదు. కాబట్టి వ్యవస్థ పోవడం గురించి నాకు విచారం లేదు. వ్యవస్థతో పాటు మనుషుల్ని వెలివేసి, వాళ్ళ విద్యని మాత్రం శుద్ధి చేసి ఇంటికి తెచ్చుకోవడం గురించే నా గొడవంతా.

శుద్ధి ఎలా జరిగింది? ఒక దారి మద్రాసులో పడింది. రుక్మిణీదేవి బాలే నర్తకి ఆనా పావ్లోవాని కలుసుకుంది, పావ్లోవా బృందంలోని క్లియో నోర్డీ దగ్గర బాలే నేర్చుకుంది. తర్వాత మన నాట్యం వైపు తిరిగి 1936లో కళాక్షేత్ర స్థాపించింది. శృంగారం పాలు తగ్గించి భక్తిని ముందుకి తేవాలన్నది ఆమె పట్టు. అదే నాట్య సంప్రదాయపు కుటుంబంలో పుట్టి పెరిగిన బాలసరస్వతి 1975లో తమిళ ఇసై సంఘంలో మాట్లాడుతూ, శృంగారాన్ని ఎవరూ కొత్తగా శుద్ధి చేయనవసరం లేదని నిక్కచ్చిగా చెప్పింది. ఇద్దరూ స్త్రీలే, ఇద్దరూ గొప్ప కళాకారిణులే. అయితే ఒకరికి ఆ కదలిక ఎంచుకున్న ఆదర్శం, ఇంకొకరికి ఇంట్లో మాట్లాడుకునే భాష.

ఇంకో దారి మన కూచిపూడిది. అక్కడ తరతరాలుగా స్త్రీ వేషం కట్టింది బ్రాహ్మణ పురుషులు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామని చూసి ఆడవాళ్ళే ఒయ్యారం నేర్చుకున్నారని చెప్పుకుంటారు. ఆ విద్వత్తుని నేను తక్కువ చేయను. కానీ భామాకలాపంలో సత్యభామ జడ తెర మీద నుంచి వేలాడేస్తారు కదా, నన్ను ఓడించగలిగినవాడు ఈ జడ కోసుకోవచ్చని సవాలు చేస్తూ. ఆ జడ చూసినప్పుడల్లా నాకొక ఆలోచన వస్తుంది. ఆడదాని జడ మగవాడి పాండిత్యానికి జెండా అయింది. అదే జడ వేసుకుని అదే కలాపం ఆడిన కలావంతులకి ఆ గౌరవం దక్కలేదు. భుజం విరిచి నడవడం మగవాడు చేస్తే శాస్త్రం. ఆమె చేస్తే ఆమె స్వభావం.

మా ఊరి కొప్పులింగేశ్వరుడి కథలో కూడా ఉన్నది జుట్టే. గుడి పూజారికి ఒక వేశ్యతో సంబంధం. స్వామికి వేయాల్సిన దండ ముందు ఆమె కొప్పులో పెట్టి, తర్వాత గుడికి తెచ్చేవాడు. ఒకరోజు రాజుగారికి ఇచ్చిన ప్రసాదంలో పొడుగాటి వెంట్రుక కనిపించింది. ఇదేమిటని రాజు అడిగితే, స్వామికి కొప్పుంది, ఆ వెంట్రుకేనని పూజారి బొంకాడు. చూపించమన్నాడు రాజు. భక్తుడి ప్రాణం కాపాడటానికి శివుడు లింగం మీద నిజంగానే కొప్పు మొలిపించుకున్నాడు. చిన్నప్పటి నుంచీ మేమందరం విన్న కథ ఇది. శివుడి కరుణ గురించి, పూజారి భక్తి గురించి ఎంతసేపైనా చెబుతారు. ఆ కొప్పు అసలు ఎవరిదో ఆమె పేరు మాత్రం నేను విన్న ఏ కథలోనూ లేదు. రాజుగారి ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు ఆమెని ఎవరూ పిలవలేదు, ఆ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పలేదు. పూజారి బతికాడు, దేవుడికి కొత్త అలంకారం వచ్చింది.

మన నాట్య చరిత్ర మొత్తం ఈ కథలో ఉందని నాకు అనిపిస్తుంది. ఆమె కొప్పు కావాలి, ఆమె అక్కర్లేదు.

ఇంత దూరం వచ్చాక మళ్ళీ క్లాసుకి వెళ్దాం. పైశరీరపు అభినయం నేర్పాలంటే మన దగ్గరున్న సామగ్రి ఏమిటి? అష్టవిధ నాయికలు. వాసకసజ్జిక భర్త కోసం ఇల్లు సర్దుకుంటుంది, విరహోత్కంఠిత ఎదురు చూస్తుంది, ఖండిత నిలదీస్తుంది, కలహాంతరిత గొడవపడి పశ్చాత్తాపపడుతుంది. ఎనిమిదిమందికీ ఉన్న పని ఒక్కటే, ఒక మగవాడు. అతను వచ్చాడా, రాలేదా, ఎవరింటి నుంచి వచ్చాడు. ఈ నాయికల్ని ఆడవాళ్ళు తమ ఒళ్ళతో ఆడేటప్పుడు వాటిలోకి వెటకారం, తిరుగుబాటు, తెలివి నింపారన్నది నిజం. కానీ పదమూడేళ్ళ పిల్లకి మనం అందిస్తున్నది ఆ తెలివి కాదు, పైనున్న అచ్చు మాత్రమే. కనుబొమ్మ ఇలా ముడువు, నిట్టూర్పు ఇక్కడ విడు, చెంప మీద చెయ్యి ఆనించు. ఆమె చేస్తుంది. "ఆయ్ అండి" అంటూ వంద సార్లు చేస్తుంది. ఆ ముఖంలో ఏమీ ఉండదు.

ఒక అమ్మాయి విషయం చెబుతాను. భర్త దూరదేశం వెళ్ళిన ప్రోషితభర్తృకని నేర్చుకుంటోంది. కాళ్ళు చక్కగా పడతాయి, పైన మాత్రం చెక్కబొమ్మ. వాళ్ళమ్మ కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తుంది. కోనసీమలో ఇది వింత కాదు. మా క్లాసులో ఎప్పుడు చూసినా ఇద్దరు ముగ్గురి తల్లులు గల్ఫ్‌లోనే ఉంటారు. శాస్త్రం రాసినవాడు దూరదేశం వెళ్ళేది భర్తే అనుకున్నాడు. ఇక్కడ అప్పు తీర్చడానికి విమానం ఎక్కేది అమ్మ. ఒకరోజు పాట ఆపేసి, "మీ అమ్మ ఫోన్ కోసం నువ్వెలా చూస్తావో కూర్చుని చెయ్యి" అన్నాను. ముద్రలేవీ వద్దన్నాను. ఆ పిల్ల చాలాసేపు కదల్లేదు. తర్వాత వీపు నెమ్మదిగా నిటారైంది. మెడ ఒక పక్కకి తిరిగి ఆగింది. పక్కన నాయనమ్మ నిద్ర లేస్తుందేమోనని చూసుకోవడం అది. వాళ్ళమ్మకి అక్కడ పదకొండింటికి పని అయిపోతే ఇక్కడ ఒంటిగంటన్నర. కళ్ళు ఫోన్ ఉండాల్సిన చోట ఆగాయి, మూతపడ్డాయి, మళ్ళీ బలవంతాన తెరుచుకున్నాయి. ఫోన్ మోగినట్టుంది. చెయ్యి దాని మీదికి వెళ్ళకముందే రెండు భుజాలూ ఒక్కసారి కిందికి దిగాయి. అప్పుడు తెలిసింది, అంతసేపూ అవి పైకి లేచి ఉన్నాయని. మాట్లాడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. తను ఏడుస్తున్నట్టు అమ్మకి తెలియకూడదు కదా.

గది నిశ్శబ్దంగా ఉంది. ఆ నవ్వు నేను అడిగింది కాదు. అది ఆ పిల్ల ఎంచుకున్న నవ్వు. ఇలాంటి నవ్వుకి ఏ గ్రంథంలో ఏ పేరుందో నేను వెతకలేదు.

ఆ తర్వాత వారం ఆ పిల్ల నాయనమ్మ వచ్చారు. "మేడంగారూ, పిల్లకి స్టెప్పులు చెప్పండి చాలు, ఈ చూపులూ అవీ వద్దండి. రేపు పెళ్ళి కావాల్సిన పిల్ల" అన్నారు. కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టే అన్నారు. ఆవిడ భయం నాకు అర్థమైంది. కొడుకు తాగుడు, కోడలు పరాయిదేశంలో, ఇంట్లో ఎదిగే పిల్ల. కళ్ళెత్తి చూసే పిల్ల గురించి ఊరు ఏమంటుందో ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. ఆడపిల్లకి అడుగులు రావడం అందరికీ ముద్దే. యాన్యువల్ డే ఫొటోలో బాగుంటాయి. చూపు రావడం దగ్గరే పేచీ. చూపు వచ్చిన పిల్ల ఎదుటివాణ్ణి కూడా చూస్తుంది. నిజానికి నాట్యంలో పైశరీరం సమస్య మొత్తం ఆ నాయనమ్మ ఒక్క వాక్యంలో చెప్పేశారు. భావం లేదని తీర్పులిచ్చే పెద్దమనుషుల కంటే ఆవిడకే విషయం సూటిగా తెలుసు.

నేను ఆవిడతో వాదించలేదు. క్లాసులో ఒక మూల కుర్చీ వేసి, ఇష్టమైనన్ని రోజులు కూర్చుని చూడమన్నాను. వస్తున్నారు. పిల్లని మానిపించలేదు. ఇది గెలుపని చెప్పను. ఆ పిల్లకి పదహారో ఏడు వచ్చేసరికి ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను.

ఇన్నేళ్ళ మీదట నా అభ్యాస పద్ధతి కొంత కుదురుకుంది. క్లాసు కూర్చునే మొదలవుతుంది. పది నిమిషాలు ఊపిరి, కన్ను, మెడ. చున్నీలు నడుముకి కట్టేస్తాం, తలుపు దగ్గరికి వేస్తాం. ఎవరో చూస్తారన్న భయం ఉన్నంతసేపూ భుజం తెరుచుకోదు. అడుగులు వేసేటప్పుడు నవ్వమని అడగను. శ్రమలో ఉన్న ముఖం శ్రమలో ఉన్నట్టే ఉండనిస్తాను. అక్కడి నుంచే ఏకాగ్రత అనే భావం తయారవుతుంది. ఏ అడుగైనా మొదలుపెట్టే ముందు చూపు ఎటు వెళ్ళాలో పిల్లే నిర్ణయించుకుని చెప్పాలి. తప్పు దిక్కు చెప్పినా ఫరవాలేదు, దిక్కు ఉండాలి. పదం మొదలుపెడితే "ఎవరితో చెబుతున్నావు" అన్న ప్రశ్నకి జవాబు రానిదే ముద్ర పట్టనివ్వను. నాయికలు ఎనిమిదిమందినీ చెబుతాను, తొమ్మిదో ఆమెని వాళ్ళనే తెచ్చుకోమంటాను. ఇంటర్ పరీక్ష ఫలితం కోసం ఎదురు చూసేదాన్ని తెచ్చింది ఒకమ్మాయి. బస్సులో వెనక నుంచి తగిలిన చేతిని తిరిగి చూసేదాన్ని తెచ్చింది ఇంకొకమ్మాయి. ఆ చూపు ముప్ఫయ్యారింటిలో ఏదో మేమందరం కలిసి చాలాసేపు వాదించుకున్నాం.

దీనివల్ల కాళ్ళు పాడవుతాయని కొందరు తోటి అధ్యాపకులు అంటారు. నా అనుభవం వేరు. ఊపిరి సరిగా పీల్చే పిల్ల అరమండిలో ఎక్కువసేపు నిలబడుతుంది. భుజాలు దిగిన పిల్ల తిరిగేటప్పుడు తూలదు. కడ్డీ దగ్గర ఆ అమెరికా టీచరు చేస్తున్నదీ ఇదే. దేహం రెండు ముక్కలు కాదు. కింది సగాన్ని కసరత్తుకీ పై సగాన్ని అలంకారానికీ పంచింది మనమే.

ఇంకొక పని కూడా సాధనలో భాగమేనని నేను అనుకుంటాను. కూర్చుని చేసే అభినయం మొదలుపెట్టిన రోజునే పిల్లలకి కలావంతుల గురించి చెబుతాను. ముద్దుపళని రాసిన కావ్యాన్ని నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయించడం, మరుసటేడే దొరల ప్రభుత్వం దాన్ని నిషేధించడం చెబుతాను. 1956లో ఏం జరిగిందో చెబుతాను. ఆ కులం పేరు తిట్టు కాదని చెబుతాను. కొందరు తల్లిదండ్రులకి ఇది నచ్చదు, డాన్స్ క్లాసులో ఇవన్నీ ఎందుకంటారు. ఎందుకంటే, వాళ్ళ పిల్ల "రమ్మను" అన్న మాటకి ముందు కన్నెత్తి, ఆ తర్వాతే చెయ్యి చాపుతుంది. ఆ వరస ఒక మనిషి నాకిచ్చింది. తన పేరు ఎక్కడా రాయొద్దని భయపడుతూ ఇచ్చింది. ఆ వరసని పిల్లకి నేర్పి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా దాచిపెడితే, పూజారి చేసిన పనే నేనూ చేసినదాన్నవుతాను.